చిన్నపిల్లల వైద్యుని చదువు, ఆరోగ్యబీమా పరిశోధన

గత సంవత్సరము వానకాలమున మా పాఠశాలలో ఏడవ తరగతి చదువుచుండిన బాలుడొకడు ఎనిమిది దినములు వరుసగా బడికి రాలేదు. తొమ్మిదవ నాడు వచ్చి జరిగిన సంగతి చెప్పెను. రెండేండ్ల వయస్సుగల వాని చెల్లెలికి ఒక మంగళవారమునాడు దగ్గును జ్వరమును తగిలెను. తండ్రి ధాన్యపు మిల్లులో కూలివాడు. కూలి డబ్బు చేతికి వచ్చునది శనివారము. డాక్టరు ఫీజునకును మందులకును బస్సు చార్జీకిని రొక్కము లేనందున శనివారము వఱకు చూతమనుకొనిరి. శనివారము తెల్లవారుసరికి పిల్ల పాలు త్రాగక, డొక్కలెగురవేయుచు, సోలిపోయి యుండెను. ప్రభుత్వపు ఆసుపత్రిలో చేర్చిరి. వైద్యులు ఎనిమిది దినములు ప్రాణవాయువును సూదిమందులును ఇచ్చి బ్రతికించిరి. వారు పైకము పుచ్చుకొనలేదు. అయినను తల్లిదండ్రు లిద్దరికిని అన్నినాళ్ల కూలి పోయెను. రాకపోకలకును తిండికిని చేసిన అప్పు తీర్చుటకై పాడిగేదెను అమ్ముకొనిరి.

ఇది చెప్పి ఆ బాలుడు మమ్మిట్లడిగెను: "మంగళవారమే తెచ్చియుంటే ఒక్క సీసా మందుతో పోయేదని డాక్టరుగారు మా నాన్నను కోప్పడినారు, మాస్టారూ. శనివారందాకా ఎందుకాగినామో ఆయనకు తెలియదాండీ? డాక్టరు చదువులో ఆ సంగతి చెప్పరా?"

నాడు మేము సరియైన ప్రత్యుత్తరము చెప్పలేకపోతిమి. పైతరగతుల విద్యార్థులలో "నీవేమి కాగోరుదువు?" అని అడిగినచో డాక్టరు నగుదునని చెప్పువారు పెక్కుమంది కలరు. కావున ఆ చదువెట్టిదో, ఆ బాలుడడిగిన విషయము దానిలో నెంతవఱకు చేరినదో, చిన్నపిల్లల వైద్యులు ఆరోగ్యబీమాను గూర్చి యేమి పరిశోధించిరో ఈ సంచికలో విశదపఱచుటకు పూనుకొంటిమి.

బాలవైద్యము ప్రత్యేకశాస్త్రము

బిడ్డ యనగా కొలతలు తగ్గించిన పెద్దమనిషి కాదు. పెద్దవాని నాడి నిమిషమునకు సుమారు 72 మారులు కొట్టుకొనగా, పుట్టిన శిశువు గుండె 120 మొదలు 160 మారులు కొట్టుకొనును. పెద్దవాని శరీరములో నూటికి అఱువది పాళ్లు నీరున్నచో శిశువు శరీరములో నూటికి డెబ్బదియైదు పాళ్ల వఱకు నుండును. అందుచేతనే విరేచనములు పట్టుకొన్న శిశువు ఒక్కపూటలో వాడిపోవును. పెద్దల మాత్రను నాలుగు ముక్కలు చేసి పిల్లలకు వేయుట ప్రమాదము. మందు బిడ్డ బరువునుబట్టి లెక్కకట్టవలసియుండును. పెద్దలకు మేలుచేయు ఆస్పిరిన్ మాత్రను జ్వరముతో నున్న పిల్లలకు వైద్యులు ఈయరు. అది కొందఱి మెదడునకును కాలేయమునకును హాని కలిగింపవచ్చును.

అమెరికాదేశమున ఈ శాస్త్రమునకు పునాదివేసినవారిలో అబ్రహాము జాకోబీ ముఖ్యుడు. ఇతడు 1830లో జర్మనీదేశమున జన్మించి, 1853లో న్యూయార్కు చేరి, బీదలున్న పేటలలో వైద్యము చేసెను. 1860లో శిశురోగములను బోధించు ఆచార్యుడుగా నియమితుడయ్యెను. ఫిలడెల్ఫియా నగరమున పిల్లలకొఱకే యొక ఆసుపత్రి 1855లో వెలసినది. బాలవైద్యుల యోగ్యతను పరీక్షించు బోర్డు 1933లో ఏర్పడినది.

ఆ చదువు క్రమము

అమెరికాలో బాలవైద్యుడు కాగోరువాడు హైస్కూలు ముగించిన పిదప సాధారణముగా నాలుగేండ్లు కళాశాలలో చదువవలెను. అక్కడ ప్రధానముగా నేది చదివినను జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, భౌతికశాస్త్రము తప్పవు. తరువాత నాలుగేండ్లు వైద్యకళాశాల. అందు మొదటి యేండ్లలో శరీరనిర్మాణము, రోగముల పుట్టుక, మందుల గుణములు నేర్తురు. తుదియేండ్లలో ఆసుపత్రి వార్డులలో అనుభవజ్ఞుల వెంట తిరుగుచు రోగులను పరీక్షింతురు. పట్టము పుచ్చుకొన్నంతమాత్రమున స్వతంత్రముగా పిల్లలకు చికిత్స చేయ వీలులేదు. ఆపైని మూడేండ్లు "రెసిడెన్సీ" యను ఆసుపత్రి శిక్షణ పొందవలెను. కలిపిచూచిన హైస్కూలు వెనుక పదునొకండు సంవత్సరములు. పిల్లల గుండె, పిల్లల మూత్రపిండములు మొదలగు ఒక్కొక్క అవయవమునందు ప్రావీణ్యము కోరువారికి సామాన్యముగా మఱి మూడేండ్లు పట్టును.

ఈ రెసిడెన్సీ కాలము మిక్కిలి ప్రయాసముతో గూడినది. రాత్రి యనక పగలనక నెలలు నిండని శిశువుల గదిలోను, అత్యవసర విభాగములోను పనిచేయవలెను. అలసిన వైద్యుడు పొరపడునను భయముచే, వారమునకు సగటున 80 గంటలకు మించి పని చేయింపరాదని 2003లో నియమము చేసిరి. ఆ తగ్గించిన లెక్కయే యెంత పెద్దదో గమనింపుడు.

మన దేశమున ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర సంవత్సరములు. దానిపై ఒక సంవత్సరము ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్పు. పిల్లల వైద్యమున ఎం.డి. పట్టమునకు మఱి మూడేండ్లు. 1923లో స్థాపితమైన విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలయందును, 1946లో స్థాపితమైన గుంటూరు వైద్యకళాశాలయందును చదివి అమెరికాకు వెళ్లిన తెలుగువారు అనేకులు కలరు. వారును సామాన్యముగా అక్కడ పరీక్షలు నెగ్గి, రెసిడెన్సీ చేసినగాని వైద్యవృత్తి నవలంబింప వీలులేదు.

ఇన్నియేండ్ల చదువులోను విద్యార్థి చూచునది మంచముమీదికి వచ్చిన బిడ్డను. రాని బిడ్డ వాని కంటబడదు. మంగళవారమునకు బదులు శనివారము వచ్చిన బిడ్డయొక్క ఊపిరితిత్తులను అతడు చక్కగా పరీక్షింపగలడు. నడుమ గడచిన నాలుగు దినములు ఎక్సురే పటములో కనబడవు. అవి కనబడవలెనన్న మఱియొక చదువు కావలెను. అందుచే కొందఱు బాలవైద్యులు శిక్షణ ముగిసిన పిమ్మట ఒకటి రెండు సంవత్సరములు ప్రజారోగ్యము, గణాంకశాస్త్రము, అర్థశాస్త్రము అభ్యసించి, వైద్యమునకగు ఖర్చు ఎవరు భరించుచున్నారు, అందువలన బిడ్డల కేమగుచున్నది అను విషయమును పరిశోధింతురు.

బీమా యనగా నేమి?

ఈ పరిశోధన తెలియవలెనన్న ముందు బీమాసూత్రము తెలియవలెను. ఒక యూరిలో నూఱు కుటుంబములున్నవనుకొందము. ఏటేట వానిలో ఐదింటికి పెద్దజబ్బు వచ్చి, ఒక్కొక్కదానికి 20,000 రూపాయలు ఖర్చగుచున్నదనుకొందము. ఆ యైదు కుటుంబము లేవియో ముందుగా నెవరికిని తెలియదు. మొత్తము ఖర్చు లక్ష రూపాయలు. నూఱు కుటుంబములును ఏటికి వేయి రూపాయల చొప్పున ఒకచోట వేసికొన్నచో ఆ లక్ష సమకూడును. ఏ యొక్కరును గేదెను అమ్ముకొన నక్కఱలేదు. బీమా యనగా నింతే.

కాని చిక్కులు రెండు కలవు. మొదటిది: జబ్బు భయమున్నవారు మాత్రమే చేరి, ఆరోగ్యవంతులు మానుకొనుట. ఇరువది కుటుంబములే చేరి, ఆ రోగపీడితులైన యైదును వానిలోనే యున్నచో చందా వేయి కాదు, ఐదువేలగును. అది చూచి మఱికొందఱు మానుదురు. చందా ఇంకను పెరుగును. కావుననే అనేకదేశములు అందఱిని చేర్చుకొను చట్టములు చేసినవి. జర్మనీదేశము 1883లోనే కార్మికులకు రోగబీమాచట్టము చేసినది. ఇంగ్లండు 1948లో పన్నుల ధనముతో ఎల్లరికి వైద్యమిచ్చు పద్ధతిని స్థాపించినది.

రెండవది: పైకము తాము పెట్టుకొననక్కఱలేదు గదా యని ప్రజలు అనవసరముగ వైద్యునియొద్దకు పోవుదురేమో యను శంక. దీనికి విరుగుడుగా బీమాసంఘములు ఖర్చులో కొంతభాగము రోగియే చెల్లించునట్లు నియమింతురు. ఈ నియమము మంచిదా చెడ్డదా యని చిరకాలము వాదము జరిగినది. ఆ వాదమును తీర్చుటకై ఒక గొప్ప పరీక్ష జరిగెను.

రాండు సంస్థవారి పరీక్ష

అమెరికా ప్రభుత్వపు ధనసహాయముతో కాలిఫోర్నియాలోని రాండు సంస్థవారు 1974 మొదలు 1982 వఱకు దీనిని నడిపిరి. జోసెఫ్ న్యూహౌస్ అను అర్థశాస్త్రజ్ఞుడు దీనికి నాయకుడు. ఆరు ప్రదేశములనుండి సుమారు 2,750 కుటుంబములను తీసికొనిరి. ఎవరి కే బీమా రావలెనో వారి యిష్టమునకు విడువక చీట్లు వేసినట్లుగా పంచిరి. కొందఱికి వైద్యము పూర్తిగా ఉచితము. తక్కినవారిలో కొందఱు ఖర్చులో నూటికి 25, కొందఱు 50, కొందఱు 95 వంతున తామే పెట్టుకొనవలెను. ఏ కుటుంబమును చెడిపోకుండుటకై సాలుకు చెల్లింపవలసిన మొత్తమునకు వారి ఆదాయమునుబట్టి ఒక హద్దు పెట్టిరి. అది వేయి డాలర్లకు మించదు. కొన్ని కుటుంబములను మూడేండ్లు, కొన్నిటిని ఐదేండ్లు కనిపెట్టి చూచిరి.

చీట్లు వేయనేల యని విద్యార్థులు అడుగవచ్చును. ఇష్టము వచ్చిన బీమా కోరుకొమ్మన్నచో జబ్బువారందఱు ఉచితపు బీమానే కోరుదురు. అప్పుడు ఉచితవైద్యము పొందువారే యెక్కువ జబ్బుగ నున్నారని తేలి, తప్పు సిద్ధాంతమునకు దారితీయును. చీట్లవలన రెండువైపులను సమానులు చేరుదురు. తరువాత కనబడిన భేదము బీమావలన కలిగినదే యని నమ్మవచ్చును. మీ ప్రయోగశాలలో రెండు కుండీలలో ఒకే విత్తనము, ఒకే మన్ను వేసి, ఒకదానిని మాత్రమే నీడలో నుంచుటయు ఇట్టిదే.

ఫలితము లెట్లున్నవి? సొంతసొమ్ము పెట్టవలసినవారు వైద్యునియొద్దకు తక్కువమార్లు పోయిరి. సామాన్యముగా ఆరోగ్యవంతులైనవారికి అందువలన చెఱుపేమియు కనబడలేదు. ఇది దాచదగిన సంగతి కాదు. కాని బీదవారై, రక్తపుపోటు గలవారికి ఉచితవైద్యమువలన పోటు తగ్గి, ప్రాణాపాయ మల్పమయ్యెను. అన్నిటికంటె ముఖ్యమైన దింకొకటి. ప్రజలు మానుకొన్నది అనవసరమైన వైద్యము మాత్రమే కాదు. అవసరమైన వైద్యమునుకూడ ఇంచుమించు అంతే మానుకొనిరి. బీదకుటుంబముల పిల్లలలో, గుణమిచ్చునని తెలిసిన వైద్యమును వదలుకొనుట మఱింత హెచ్చుగా నుండెను.

ఇది ఆలోచింపదగినది. దగ్గుచున్న బిడ్డను ఎత్తుకొని గుమ్మములో నిలిచిన తల్లికి ఇది వట్టిపడిసెమో, న్యుమోనియాయో తెలియదు. తెలిసికొనుటకే గదా వైద్యుడు కావలెను. చేతిలో డబ్బులేదను సంగతి ఒక్కటే ఆమెకు నిశ్చయముగా తెలియును. ఆ పరీక్ష జరిగినది వేఱొక దేశమున. దాని అంకెలను మనయూరికి అట్లే అన్వయింపరాదు. అయినను ఫీజు వలన రెండువిధముల రాకపోకలును తగ్గునను సంగతి మన మిల్లుకూలివాని యింటను కనబడుచున్నది.

బార్బరా స్టార్‌ఫీల్డు

బాలవైద్యమునుండి ఈ మార్గమునకు వచ్చినవారిలో బార్బరా స్టార్‌ఫీల్డు జ్ఞాపకముంచుకొనదగిన విదుషి. ఈమె 1932లో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ భాగమున జన్మించెను. 1954లో కళాశాల విద్యను, 1959లో వైద్యవిద్యను ముగించి, బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పిల్లల వైద్యమున శిక్షణ పొందెను. అంతటితో నిలువక 1963లో అచ్చటనే ప్రజారోగ్యమున పట్టము పుచ్చుకొని, అనేక సంవత్సరములు ఆ విశ్వవిద్యాలయముననే బోధించుచు, 2011లో పరలోకగతురాలయ్యెను.

ముందుగా చందా చెల్లించి వైద్యము పొందు ఒక సంఘములోని పిల్లల లెక్కలను ఈమెయు సహచరులును అనేకవత్సరములు వరుసగా చూచి 1984లో ప్రకటించిరి. రోగములు పిల్లలందఱికి సరిసమానముగా పంచబడియుండవని అందు తేలెను. కొందఱు పిల్లలకే పలువిధములైన జబ్బులు ఒకదానివెంట నొకటి వచ్చును. అట్టివారికి మఱుచటియేడును అట్లే జరుగును. ఈ సంగతినుండి ఈమెయు జొనాథన్ వైనర్ మొదలగువారును ఒక క్రొత్త లెక్కపద్ధతి నేర్పఱచిరి. ఒక మనిషికి గల సకలరోగముల భారమును కలిపి తూచి, ఆ సంవత్సరము వానికెంత వైద్యము కావలసియుండునో ముందుగ నంచనా వేయుట దాని పని. రోగిష్ఠులైన పిల్లలను చేర్చుకొన్న వైద్యునికి బీమాసంఘము ఎక్కువ పైకమీయనిచో, అట్టి పిల్లలను వదిలించుకొన జూచువారు బయలుదేరుదురు. భారమును సరిగా తూచినచో ఆ కష్టము తగ్గును. నేడీ పద్ధతిని పెక్కుదేశములలో వాడుచున్నారు.

స్టార్‌ఫీల్డు బోధించిన రెండవ సంగతి ప్రథమవైద్యమును గూర్చినది. మంచి ప్రథమవైద్యమునకు నాలుగు లక్షణములు చెప్పెను: జబ్బు రాగానే మొదట పోదగిన చోటు దగ్గఱనుండుట, ఏండ్లతరబడి ఒకరే చూచుచుండుట, సామాన్యమైన అవసరములన్నియు అక్కడనే తీరుట, పెద్ద ఆసుపత్రికి పంపినను తిరిగి కనుగొని అన్నిటిని కూర్చి చూచుట. ధనికదేశములను పోల్చిచూచి, ప్రథమవైద్యము బలముగానున్న చోట్ల ప్రజలారోగ్యము మెఱుగుగను ఖర్చు తక్కువగను ఉన్నదని నిరూపించెను.

చట్టములు, వాని ఫలము

ఇట్టి పరిశోధనలు చట్టసభలకు లెక్కలందించును. అమెరికాలో 1965వ సంవత్సరమున బీదల వైద్యమునకై మెడికెయిడ్ అను పథకము పుట్టినది. అంత బీదలు కాక, బీమా కొనుటకును చాలని సంసారముల పిల్లలు నడుమ చిక్కుకొనిరి. వారికొఱకు 1997లో పిల్లల ఆరోగ్యబీమా చట్టము వచ్చినది. ఎదురుపక్షములవారైన ఎడ్వర్డు కెనడీ, ఆరిన్ హాచ్ అను సెనేటరు లిద్దఱును కలిసి దానికి పాటుపడిరి. ఆ కాలమున నూటికి పదునాల్గురు పిల్లలకు బీమా లేకుండెను; 2016 నాటికి ఆ సంఖ్య నూటికి ఐదుగురికి దిగినది.

మన ప్రాంతమున ఆరోగ్యశ్రీ పథకము 2007లో ప్రారంభమైనది. గుండె ఆపరేషను మొదలగు పెద్ద చికిత్సలు అందువలన ఎందఱో బీదబిడ్డలకు లభించినవి. 2018లో కేంద్రప్రభుత్వము కుటుంబమునకు సాలుకు ఐదు లక్షల రూపాయల వఱకు ఆసుపత్రి ఖర్చు భరించు పథకమును పెట్టినది. ఇవి గొప్ప మేళ్లు. కాని యీ రెండును ముఖ్యముగా ఆసుపత్రిలో చేరినవారికి. మొదటినాటి దగ్గునకు, పై ఊరి డాక్టరు ఫీజునకు, పోయిన కూలికి ఇవి పెద్దగా నక్కఱకు రావు. ఆ మిల్లుకూలివాని యింట కార్డు పెట్టెలోనే యుండెను. మంగళవారమునాడు అది వారికి పనికిరాలేదు. శనివారమును రక్షించు బీమా మనకు కలదు. మంగళవారమును రక్షించునది దగ్గఱనున్న ప్రథమవైద్యము. మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో వైద్యము ఉచితమే. అక్కడ వేళకు డాక్టరును మందును ఉన్నచో, ఉన్నవని ప్రజలెఱిగినచో, ఆ నాలుగు దినములు వృథాగా పోవు.

తల్లిదండ్రులకు, విద్యార్థులకు

చట్టములు మారువఱకు చేయదగినవి కొన్ని కలవు. దగ్గుచున్న బిడ్డ నిద్రించునప్పుడో, శాంతముగా నున్నప్పుడో, ఒక నిండునిమిషము గడియారము చూచుచు ఊపిరి లెక్కింపవలెను. రెండుమాసములు నిండని శిశువునకు 60గాని అంతకు మించిగాని, పండ్రెండు మాసములలోపు బిడ్డకు 50గాని మించిగాని, ఏడాది మొదలు ఐదేండ్లలోపు బిడ్డకు 40గాని మించిగాని వచ్చినచో అది వట్టి పడిసెము కాదు. ఆ దినమే వైద్యునికి చూపవలెను. ఊపిరి పీల్చునప్పుడు డొక్కలు లోనికి పోవుట, పాలు త్రాగలేకపోవుట, మగతగా పడియుండుట, మూర్ఛ వచ్చుట అపాయసూచనలు. అట్టియెడ కూలిదినము కొఱకు వేచియుండక 108 బండిని పిలువవలెను. దానికి చార్జి లేదు.

వైద్యులు కాగోరు విద్యార్థులారా! జీవశాస్త్రమును శ్రద్ధగా చదువుడు. దానితోపాటు గణితమును, పౌరశాస్త్రమును తేలికగా చూడకుడు. నూఱు కుటుంబముల లెక్కను మీ యూరికి వేసి చూడుడు. మీరు తెల్లకోటు తొడిగిన నాడు ఆలస్యముగా వచ్చిన తండ్రిని చూచినపుడు, కోపగించుకొనుటకు ముందు "ఇన్నాళ్లు ఎందు కాగవలసివచ్చె"నని యడుగుడు. ఆ జవాబును చీటీమీద వ్రాసికొనుడు. అట్టి చీట్లు వేలకొలది కూడినప్పుడే పరిశోధన యగును.

ఆ బాలుడిప్పుడు ఎనిమిదవ తరగతి. వాని ప్రశ్నకు జవాబిది: డాక్టరు చదువులో ఆ సంగతి కొంత చెప్పుదురు, చాలినంత చెప్పరు. మిగిలినది నేర్చుకొన్న వైద్యులును కలరు. వాని చెల్లెలు కుదుటపడి, సాయంకాలము అన్నకొఱకు మా పాఠశాల గేటువద్దకు వచ్చుచున్నది. మొన్న సైన్సు తరగతిలో ఊపిరి లెక్కించుట నేర్పినప్పుడు, వాడు అందఱికంటె ముందుగా గడియారము చేతబట్టెను.